ఇవ్వని రాణి

రాణులక్క అసలు పేరేమిటో ఆవిడ భర్త కూడా కాస్త ఆలోచించుకుని చెప్పాల్సిందేనని వీధిలో వాళ్ళు నవ్వుకునేవారు. మొదట్లో అందరూ తేనె అక్క అనేవాళ్ళు. పోనుపోను ఆవిడ తేనె అమ్మడం తగ్గి, రాణీగల్ని పంచిపెట్టడం ఎక్కువైపోయింది. దాంతో పేరూ మారింది. ఎవరైనా తేనె కొనుక్కుని, చిల్లర కోసం చెయ్యి చాపి నిలబడి, ఊరికే మాటవరసకి మా డాబా మీద కూడా ఒక పెట్టె ఉంటే బాగుండునక్కా అన్నారంటే వాళ్ళ పని అయిపోయినట్టే. కొన్నాళ్ళకి వాళ్ళ డాబా మీద పెట్టె, పెట్టెలో రాణి, రాణి చుట్టూ దాని పరివారం ఉండాల్సిందే. వద్దని మొహమాటపడ్డా ఆవిడ వినేది కాదు.

ఇల్లు చిన్నది. ముందు గది భర్త కుట్టు దుకాణం. ఆయన్ని అందరూ టైలరు గారు అంటారు. గోడ పొడుగునా సగం కుట్టిన చొక్కాలు వేలాడుతుంటాయి. బల్ల మీద కత్తెర, సుద్దముక్క, రేకు డబ్బా నిండా గుండీలు. దుకాణం దాటితే వంటగది, వంటగది తలుపు తీస్తే కిందికి వాలిన పెరడు, నిమ్మచెట్ల కింద వరసగా తేనె పెట్టెలు. రాణులక్క ఆ పెట్టెల్ని ఇంట్లో చీరతోనే, ఉత్త చేతులతోనే తెరిచేది. ముసుగు లేదు, చేతి తొడుగులు లేవు. పొగ డబ్బా ఒకటి ఉండేది కానీ అది ఎక్కువగా టైలరు గారు దోమలకి వాడుకునేవారు.

రాణిని ఇచ్చేటప్పుడు మాత్రం ఆవిడ వేరే మనిషి అయిపోయేది. అగ్గిపెట్టె అంత చెక్కగూడులో రాణిని పెట్టి, దాని వీపు మీద తన గోళ్ళరంగుతో ఎర్రచుక్క వేసి, తీసుకునేవాళ్ళ కళ్ళలోకి చూస్తూ చెప్పేది. మొదటి రోజు మూత తీసి చూడొద్దు. కొత్త చోటు, బెదురుతుంది. నీడ ఉండాలి, నీళ్ళు దగ్గర్లో ఉండాలి. పెట్టె దగ్గర గట్టిగా మాట్లాడొద్దు. ఇవన్నీ వాళ్ళ నాన్న చెప్పిన మాటలు, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. ఇచ్చి పంపాక వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసేది. టైలరు గారు సూదిలో దారం ఎక్కిస్తూ, నాకు ఇంతమంది అల్లుళ్ళు వస్తారని ముందే తెలిస్తే ఇల్లు కాస్త పెద్దది కట్టేవాడిని అనేవారు.

ఆ ఈగలు వాళ్ళ నాన్నవి. ఆయన బతికినన్నాళ్ళూ ఒకే పని చేశాడు. అన్ని పెట్టెల్లోకీ సాధువైనది, బాగా తేనె పెట్టేది ఏదో చూసుకునేవాడు. దాని పిల్లల్నే రాణులుగా పెంచేవాడు. కోపిష్టి పెట్టెల్లో రాణిని తీసేసి అక్కడా వీటినే పెట్టేవాడు. అలా ఏరగా ఏరగా మిగిలిన పసుపుపచ్చ ఈగలు చంటిపిల్లలు వచ్చి చెయ్యి పెట్టినా ఏమీ అనేవి కావు. అసలైన తల్లి ఉండే పెట్టె ఆయన చేత్తో చేసింది, నీలం రంగు వేసింది. దాన్ని నాన్న పెట్టె అనేవారు. ఆయన పోయాక రాణులక్క ఆ పద్ధతినే ఇంకా కట్టుదిట్టం చేసింది. బయటి ఈగ ఒక్కటి కూడా తన పెరట్లోకి రానివ్వలేదు. నాన్న పెట్టె పిల్ల కాని రాణి ఆవిడ దృష్టిలో రాణే కాదు.

ఆవిడ చెయ్యి అంత ధారాళం కదా, ఒక్కరి విషయంలో మాత్రం బిగుసుకుపోయింది. ఆ ఒక్కడూ సొంత తమ్ముడు. లారీ తోలేవాడు. నాన్న మంచాన పడ్డప్పుడు ఎక్కడో దూరపు రోడ్ల మీద ఉన్నాడు, కబురందినా సమయానికి రాలేకపోయాడు. కార్యక్రమాలన్నీ అయ్యాక ఒక సాయంత్రం వంటగది గడప మీద కూర్చుని, నాన్న పెట్టెలోంచి ఒక్క రాణిని ఇవ్వక్కా, చాలు అన్నాడు. నీకు లారీ తెలుసు, ఈగలు తెలీవు అని ఆవిడ నోటిదాకా వచ్చింది. మింగేసి, ఆలోచించి చెబుతాను అంది. ఆ ఆలోచన ఏళ్ళ తరబడి సాగింది. తమ్ముడు మళ్ళీ అడగలేదు. లారీ మానేసి, కొండకి అవతల పెద్ద రోడ్డు పక్కన టైర్ల షాపు పెట్టుకున్నాడు. అక్కాతమ్ముళ్ళు పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ ఎదురుపడితే, బాగున్నావా అంటే బాగున్నావా అనుకునేవారు.

ఇదిలా ఉండగా పెట్టెల్లో తేడా మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న పట్టులో పిల్లలున్న గదులు చాప పరిచినట్టు సందు లేకుండా మూసుకుని ఉంటాయి. ఆవిడ పట్టుల్లో ఇక్కడొకటి అక్కడొకటి ఖాళీ గదులు కనబడసాగాయి. తరవాత తరవాత మూసిన గదులెన్నో ఖాళీవీ అన్నే ఉన్నట్టు తయారైంది. జల్లెడ పట్టుకుని చూస్తున్నట్టుండేది. రాణికి వయసు మీరింది అనుకుని ఆవిడ దాన్ని తీసేసి, నాన్న పెట్టెలోంచి ఒక పిల్లని పెంచి రాణిగా పెట్టింది. ఏ తేనెటీగలవాళ్ళయినా మొదట చేసే పనే అది. కొత్త రాణి వచ్చాక చిల్లులు ఇంకా పెరిగాయి. ఆవిడ దాన్నీ తీసేసి ఇంకో చెల్లెల్ని పెట్టింది.

పెట్టెల్లో జనం పలచబడిపోతుంటే ఆవిడ ఎవరెవరినో తిట్టుకుంది. చీమల్ని తిట్టింది. వీధి చివర కొత్తగా వెలిసిన రంగుల గోదాముని తిట్టింది. పక్కింటి రిటైర్డు బ్యాండు మాస్టారు గులాబీలకి మందు కొడుతున్నారని గోడ మీంచి గొడవ పెట్టుకుంది. ఆయన నేను కొట్టేది సబ్బునీళ్ళమ్మా అని ఎంత మొత్తుకున్నా ఒప్పుకోలేదు. ఆయన రెండు రోజులు బాకా సాధన మానేశారు, అంత బాధపడ్డారు. వీధికి మాత్రం ఆ రెండు రోజులూ ప్రాణం హాయిగా ఉంది.

చివరికి టైలరు గారే ఎవరికో చెప్పి, తేనెటీగల శాఖ నుంచి ఒక అమ్మాయిని పిలిపించారు. చిన్న వయసు, పెద్ద కళ్ళద్దాలు, మర్యాదగా మాట్లాడే పిల్ల. పెట్టెలన్నీ ఓపిగ్గా చూసింది. జబ్బేమీ లేదంది. ఈ రాణులన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి ఆంటీ అని అడిగింది. రాణులక్క నడుం నిటారుగా చేసుకుని, అన్నీ ఒకే తల్లివమ్మా, మా నాన్నగారి కాలం నుంచీ బయటి నెత్తురు కలవలేదు అని చెప్పింది. ఆ అమ్మాయి ముందు గదిలోకొచ్చి, టైలరు గారిని అడిగి గుండీల డబ్బా తన ముందుకి లాక్కుంది.

ఒక తెల్లగుండీ, ఒక నల్లగుండీ పక్కపక్కన పెట్టింది. తల్లి నుంచి ఒక గుర్తు, తండ్రి నుంచి ఒక గుర్తు వస్తాయి, రెండూ వేరువేరుగా ఉంటే ఆడ ఈగ పుడుతుంది అంది. తరవాత ఒక్క గుండీనే పెట్టింది. రాణి తండ్రి లేకుండా కూడా గుడ్డు పెడుతుంది, అందులో ఒకే గుర్తు, అది పోతుటీగ అంది. ఇంతవరకూ రాణులక్కకి తెలిసిందే. తండ్రి లేని గుడ్డు మగదవుతుందని నాన్న చెప్పేవాడు. గుండీల సంగతి చెప్పలేదు, అంతే. అప్పుడు ఆ అమ్మాయి రెండు తెల్లగుండీలు పక్కపక్కన పెట్టింది.

"తల్లీ తండ్రీ దగ్గరి చుట్టాలైతే ఇలా జరుగుతుంది ఆంటీ. రెండూ ఒకటే గుర్తు. ఆడది కావాల్సిన గుడ్డు మగదైపోతుంది. అలాంటి మగదానివల్ల గూటికి లాభం లేదు. గుడ్డు పగలగానే పనిచేసే ఈగలు వాసన పట్టి తినేస్తాయి. మీకు కనిపించే చిల్లులు అవే."

రాణులక్క ఆ రెండు గుండీల్నీ వేలితో దూరం జరిపింది. తన ఈగలు తమ చెల్లెళ్ళు కావాల్సిన పిల్లల్ని తామే తింటున్నాయన్నమాట.

"నేను మంచివాటినే ఏరుకున్నానమ్మా" అంది.

"అవునాంటీ. ఏరుకుంటూ పోతే డబ్బాలో రంగులు తగ్గిపోతాయి. ఇప్పుడు మీ దగ్గర ఒకటి రెండు రంగులే మిగిలాయి" అంది ఆ అమ్మాయి మెల్లగా.

ఉపాయం కూడా ఆ పిల్లే చెప్పింది. రాణి పెట్టెలో జతకట్టదు. పుట్టిన కొన్నాళ్ళకి పైకెగిరి గాల్లో నాలుగైదు గూళ్ళ పోతుటీగలతో కలిసి తిరిగి వస్తుంది. కాబట్టి నాన్న పెట్టెలో ఒక పిల్లరాణిని పెంచి, పెట్టెని చుట్టరికం లేని ఈగలున్న చోటికి తీసుకెళ్ళి పెట్టాలి. తల్లి వైపు నాన్న వంశం అలాగే ఉంటుంది, తండ్రి వైపు కొత్త రంగులొస్తాయి. ఆలస్యం చేస్తే మాత్రం పెట్టె నిలబడదని, ఉన్న ఈగలు వయసైపోయి రాలిపోతే వాటి చోట పుట్టేవి చాలవని కూడా చెప్పింది. రాణులక్క ఇదెంత పని అనుకుంది. ఈ చుట్టుపక్కల తేనెటీగలు పెంచేవాళ్ళు కొల్లలు. ఆవిడ చలవే అది.

మర్నాడు చెప్పులేసుకుని బయల్దేరింది. బేకరీ ఆయన డాబా మీద మూడు పెట్టెలున్నాయి. ఆవిణ్ణి చూడగానే ఆయన పొంగిపోయి, అన్నీ మీరిచ్చిన రాణి సంతానమేనక్కా, కంటికి రెప్పలా చూసుకుంటున్నా అన్నాడు. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని వచ్చేసింది. ఆసుపత్రి క్వార్టర్స్‌లో నర్సమ్మ తను బేకరీ ఆయన దగ్గర తెచ్చుకున్నానంది. బడి తోటమాలి నర్సమ్మ దగ్గర తెచ్చుకున్నాడు. వాగు అవతల ఒక పెద్దాయన ఉన్నాడు, ఆవిడకి ముక్కూ మొహం తెలియదు, ఇక్కడ ఆశ పెట్టుకోవచ్చు అనుకుంది. ఆయన పెట్టె తెరిచి, ఇవి మామూలు ఈగలు కాదమ్మా, రాణులక్క అని ఒకావిడ ఉంది, ఆవిడ వంశంవి అని ఆవిడకే గొప్పగా చెప్పాడు. ఆ రోజు ఆవిడ ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా వంటగదిలో కూలబడింది. చేతికి ఎముక లేకుండా ఇచ్చినందుకు, కనుచూపు మేర అంతా ఒకే కుటుంబమైపోయింది.

టైలరు గారు మిషను ఆపి వచ్చి, గ్లాసుతో నీళ్ళిచ్చి, గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"నువ్వు రాణిని ఇవ్వని ఇల్లు ఒక్కటుంది" అన్నారు.

ఆవిడకి అర్థమైంది. అర్థమైనందుకు ఆయన మీద కోపమొచ్చింది. ఆ రాత్రి కూరలో ఉప్పు వెయ్యలేదు, మర్చిపోయిందో కావాలనో ఆయన అడగలేదు. తమ్ముడి దగ్గర ఈగలున్నాయని ఆవిడకి ఎప్పుడో తెలుసు. ఎవరిదో లారీలో దూరదేశపు కలప లోడుతో పాటు ఒక తేనెపట్టు కూడా వచ్చి, దించేటప్పుడు లేచి, షాపు వెనక పాత టైర్ల గుట్టలో చేరిందట. వాడు వాటిని పెట్టెల్లోకి మార్చుకున్నాడట. నల్లగా ఉంటాయట, కోపం ముక్కుమీదే ఉంటుందట, పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు టైరు వదిలేసి పరిగెత్తిన రోజులున్నాయట. ఈ కబుర్లు విన్నప్పుడల్లా రాణులక్క, వాడికి తగ్గవే దొరికాయి అనేది.

రోజూ పొద్దున్నే నీలం పెట్టె దగ్గరికి వెళ్ళి చెవి పెట్టి వినేది. లోపలి హోరు రోజురోజుకీ సన్నగిల్లుతోంది. నాన్న పోయేముందు ఊపిరి కూడా అలాగే సన్నబడింది. పక్కన తనే ఉంది, ఏమీ చెయ్యలేకపోయింది. ఇప్పుడు చెయ్యగలిగింది ఒకటుంది, దానికి కాళ్ళు కదలడం లేదు. వాడు ఏమంటాడో అన్న భయం కాదు. వాడేమీ అనకపోతే ఏం చెయ్యాలో ఆవిడకి తెలియలేదు.

ఒక ఉదయం ఆ హోరు వినడానికి పెట్టెకి చెవి బాగా ఆనించాల్సి వచ్చింది. ఆవిడ లోపలికొచ్చి చీర మార్చుకుని బస్సెక్కింది.

టైర్ల షాపులో తమ్ముడు ఒక చక్రం ముందు గొంతుక్కూర్చుని నట్లు బిగిస్తున్నాడు. జుట్టు నెరిసింది. కూర్చున్న తీరు అచ్చం నాన్నే. అక్కని చూసి లేవబోయి, చేతుల నిండా గ్రీజు ఉందని మళ్ళీ కూర్చున్నాడు. ఆవిడ స్టూలు మీద కూర్చుని, షాపు బాగుందంది. ఎండ మండిపోతోందంది. ఈ రోజుల్లో టైర్లు ఎన్నాళ్ళు వస్తాయని అడిగింది. నీకు బండి లేదు కదక్కా అన్నాడు తమ్ముడు. లేదంది. ఇంక చెప్పడానికి టైర్ల గురించి ఆవిడకేమీ తెలియదు.

"నాన్న పెట్టె కొన్నాళ్ళు ఇక్కడ పెట్టాలిరా" అంది. ఎందుకో చెప్పింది. గుండీల కథంతా అడ్డదిడ్డంగా చెప్పింది. అతను వింటూ నట్లు బిగిస్తూనే ఉన్నాడు.

"ఇక్కడ పెడితే ఎవరు చూసుకుంటారు?" అన్నాడు తలెత్తకుండా.

"నువ్వే."

తమ్ముడు పానా కింద పెట్టాడు. పాత గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టి, గ్రీజు పోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. సాయంత్రం ట్రాలీ తీసుకుని వస్తానన్నాడు. ఆ ఒక్క ముక్కకి రాణులక్క కళ్ళు చెమర్చాయి. రబ్బరు వాసన పడలేదని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ అమ్మాయి చెప్పినట్టు నాన్న పెట్టెలో అప్పటికే పెంచుతున్న పిల్లరాణి గదిలోంచి బయటికి రాకముందే పెట్టెని కొండ దాటించారు. మళ్ళీ చుట్టరికం కలవకుండా, వెళ్ళేముందు ఆవిడ అందులో మిగిలిన పోతుటీగల్ని ఒక్కొక్కటే ఏరి తీసేసింది. ట్రాలీలో పెట్టె కింద పరుపు వేసి, తాళ్ళు కట్టి, ట్రాలీ వెనకే వీధి మలుపు దాకా నడిచింది. ఇక ఆ తరవాత తమ్ముడి ఫోనుకి విశ్రాంతి లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నీడ ఉందా, నీళ్ళు పెట్టావా, షాపులో గట్టిగా అరవకండి. అతను ఉన్నాయి, తిరుగుతున్నాయి అని రెండు ముక్కల్లో చెప్పి పెట్టేసేవాడు. వస్తానంటే ఇప్పుడే కాదనేవాడు. తన పెట్టె చూడ్డానికి తనకే అనుమతి లేదని ఆవిడ టైలరు గారి దగ్గర వాపోయేది. ఆయన నవ్వు దాచుకోవడానికి నోట్లో గుండుసూదులు పెట్టుకునేవారు. మధ్యలో ఆవిడ బ్యాండు మాస్టారికి ఒక తేనె సీసా ఇచ్చి, సబ్బునీళ్ళు గులాబీలకి మంచివేనండి అని వచ్చింది. ఆయన ఆ సాయంత్రమే బాకా అందుకున్నారు.

వానలు వచ్చి వెళ్ళాయి. చెట్లు మళ్ళీ పూతకొచ్చాక తమ్ముడే ఫోను చేసి రమ్మన్నాడు.

షాపు వెనక టైర్ల గుట్టకి నీడపట్టున నీలం పెట్టె ఉంది. రంగు పెచ్చులూడిన చోట కొత్తగా పూశాడు. హోరు పది అడుగుల దూరం నుంచే వినిపిస్తోంది. మూత తీసే ఇనప పలక ఆవిడ సంచీలోనే ఉంది, నాన్నది. చేతిలోకి తీసుకుంది. ఒక్క క్షణం ఆగి తమ్ముడి చేతిలో పెట్టింది. నువ్వే తెరువు అంది.

అతను మెల్లగా, చప్పుడు లేకుండా ఒక పట్టుని పైకెత్తి ఎండకి తిప్పాడు. అటు చివర నుంచి ఇటు చివర దాకా చాప పరిచినట్టు మూసిన గదులు. వేలు పెట్టడానికి సందు లేదు. మీద తిరుగుతున్న ఈగల్లో కొన్ని పసుపుపచ్చవి, కొన్ని నల్లచారలవి, అన్నీ ఒక్క తల్లి పిల్లలే. రాణులక్క ఇంకా దగ్గరగా వంగింది. ఒక నల్లచారల ఈగ వచ్చి తిన్నగా ఆవిడ ముక్కు మీద కుట్టింది.

నాన్న ఈగలు ఆవిణ్ణి కుట్టడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. తమ్ముడు కంగారుపడ్డాడు. ఆవిడ ముక్కు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే పడీ పడీ నవ్వింది. నీ మేనత్తనే తెలుసా అని ఆ ఈగని తిట్టింది. ఎన్నేళ్ళకో అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి నవ్వారు.

ట్రాలీ సిద్ధంగానే ఉంది, పెట్టెని తీసుకెళ్ళడానికే ఆవిడ వచ్చింది. ఆవిడ మాత్రం టైరు మీద కూర్చుండిపోయింది. తమ్ముడు వేసిన కొత్త నీలం రంగుని చేత్తో తడిమింది.

"ఇది ఇక్కడే ఉండనీరా" అంది. "నాన్న పెట్టెలోంచి నాకు ఒక్క రాణిని ఇవ్వు, చాలు."

ఆ మాటలు ఎవరివో, ఏ గడప మీద కూర్చుని అన్నవో ఇద్దరికీ తెలుసు. తమ్ముడు పట్టుని జాగ్రత్తగా లోపల దించి, మూత పెట్టి, చేతులు దులుపుకున్నాడు. మొహంలో ఏమీ కనబడనివ్వకుండా, ఆలోచించి చెబుతానక్కా అన్నాడు.

రాణులక్క నీలం పెట్టె మీంచి చెయ్యి తీసేసింది. ఆ మాట వినడం ఎలా ఉంటుందో ఇన్నాళ్ళకి తెలిసింది. ఇన్నేళ్ళు వీడు దీన్ని ఎలా మోశాడో అనుకుంది. తలొంచుకుంది. ఆ తల వంచడం తమ్ముడు చూడలేకపోయాడు. గబగబా టైర్ల వెనక్కి వెళ్ళి ఒక చిన్న పెట్టె మోసుకొచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. చేత్తో చేసింది, వంకరటింకరగా ఉంది, మిగిలిన నీలం రంగే వేశాడు. సన్నటి జాలీలోంచి లోపల ఈగల మధ్య రాణి కనిపించింది. ఒళ్ళు నల్లచారలు, వీపు మీద ఎర్రచుక్క. గోళ్ళరంగు కొనడానికి వెళ్తే షాపువాడు నన్ను అదోలా చూశాడక్కా అన్నాడు.

తరవాత ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చుని, కళ్ళలోకి చూస్తూ మొదలుపెట్టాడు. మొదటి రోజు మూత తీసి చూడొద్దు. కొత్త చోటు, బెదురుతుంది. నీడ ఉండాలి, నీళ్ళు దగ్గర్లో ఉండాలి. పెట్టె దగ్గర గట్టిగా మాట్లాడొద్దు. ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

రాణులక్క వాచిన ముక్కుతో, పెట్టెని రెండు చేతులా పట్టుకుని, ఎప్పుడూ విననివాటిలా చివరిదాకా వింది. సరేరా, అలాగే చూసుకుంటాను అంది.